దోమలు దారి చూపిన కారు

వర్షాకాలపు సాయంకాలమున సైకిలు తొక్కుచు ఇల్లు చేరువారికి ఒక అనుభవము తప్పదు. దీపస్తంభముల చుట్టును ముసురుకొనియున్న చిరుపురుగులు కంటిలో పడును, నోటిలో పడును. ఇంటికి వచ్చి చూచుకొన్నచో చొక్కా ముందు భాగమున అవి అంటుకొనియుండును. వీపున ఒక్కటియు కనబడదు. గాలి మనిషిని ఎక్కడ తాకినదో, ఎక్కడ తాకక తప్పుకొని పోయినదో ఆ పురుగులే చెప్పుచున్నవి. ఇంత చిన్న సంగతి శాస్త్రపాఠము కాగలదని తలచువారు అరుదు. కాని 1969 అక్టోబరులో ఆస్ట్రియా దేశపు కొండల నడుమ ఒక పందెపు బాటవద్ద, చచ్చి అంటుకొనిన ఇట్టి చిరుదోమలే మేటి ఇంజనీర్లకు ఏడు నెలలుగా అంతుచిక్కని ఒక ప్రశ్నకు జవాబు చెప్పినవి. అది వట్టి లెక్కల ప్రశ్న కాదు. జవాబు దొరకకమునుపే ఒక మనిషి ప్రాణము పోయినది.

ఆ కారు పేరు పోర్షే 917. మోటారు పందెముల చరిత్ర తెలిసినవారు దానిని భక్తితోను, కొంత భయముతోను తలచుకొందురు.

జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరపు శివారున పోర్షే కార్ఖానా కలదు. ‘బీటిల్’ అని లోకమంతయు పిలుచు ఫోక్స్‌వాగన్ చిన్నకారును రూపొందించిన ఫెర్డినాండ్ పోర్షే పేరిట వెలసిన సంస్థ అది. ఫ్రాన్సు దేశమునందలి లె మాన్ పట్టణమున ఏటేట జరుగు ఇరువదినాలుగు గంటల పందెమునకు ఆ సంస్థ 1951 మొదలు కార్లను పంపుచుండెను. ఈ పందెమునకు గమ్యస్థానమనునది లేదు. పట్టణము వెలుపలి మామూలు రోడ్లను కలిపి చేసిన పదమూడు కిలోమీటర్ల పైచిలుకు చుట్టుబాట అది. ఒక పగలు, ఒక రాత్రి పూర్తిగా గడచువరకు డ్రైవర్లు వంతులవారీగా నడుపవలెను; గడువు ముగియునప్పటికి ఎవరి కారు ఎక్కువ దూరము పోయియుండునో వారిదే గెలుపు. పోర్షేవారు చిన్న ఇంజన్లతో వచ్చి, చిన్న ఇంజన్ల తరగతిలో బహుమతులు తీసికొని పోవుచుండిరి. మొత్తము పందెములో మొదటి స్థానము మాత్రము వారికి ఒక్క ఏడును దక్కలేదు. అది ఫెరారీవారికో, జాగ్వార్‌వారికో, తరువాత అమెరికానుండి వచ్చిన ఫోర్డువారికో పోవుచుండెను.

1968లో ఒక నియమము మారినది. పందెపు కార్లలో ‘ప్రోటోటైపు’ అని ఒక జాతి యున్నది. అంగడిలో అమ్ముటకు గాక పందెమునకే పుట్టిన తొలిరూపు కారు అని దాని అర్థము. వీటి వేగము మితిమీరుచున్నదని తలచి, పోటీలను శాసించు అంతర్జాతీయ సంఘము వారు ఇంజను పరిమాణమును మూడు లీటర్లకు కుదించిరి. అయితే కనీసము యాబది కార్లు ఒకే తీరున తయారుచేసినవారికి ఐదు లీటర్లవరకు మినహాయింపు నిచ్చిరి. పాత ఫోర్డులు మొదలగునవి పందెమునకు వచ్చి పోటీ నిండుగా కనబడవలెనన్నది వారి ఉద్దేశము. 1968 వసంతకాలమున ఆ యాబదిని ఇరువదియైదు చేసిరి. పందెమునకు తప్ప ఎందుకును కొరగాని కారును ఎవరు గాని ఇరువదియైదు తయారుచేయుదురని వారు కలలోనైన అనుకొనలేదు.

ఫెర్డినాండ్ పోర్షే మనుమడు, అప్పటికి ముప్పది యొక్క సంవత్సరముల ఫెర్డినాండ్ పియెక్, ఆ సంస్థలో నిర్మాణ పరిశోధనల అధిపతి. నియమములోని సందు అతని కంటబడినది. చట్టమును అక్షరాల చదువువారికి దొరకు సందు అది. 1968 వేసవిలో పని మొదలైనది. పదినెలలు కాకమునుపే కార్లు సిద్ధము కావలసియుండెను. సంస్థ సొమ్ములో అపారమైన భాగమును ఒక్క కారుపై ఒడ్డిన జూదము అది.

ఇంజను బాధ్యత హాన్స్ మెజ్గర్ అను ఇంజనీరుది. వ్యవధి లేదు గనుక అతడు తెలివైన పని చేసెను. అప్పటికే పందెములలో తిరుగుచున్న 908 అను కారులో మూడు లీటర్ల, ఎనిమిది సిలిండర్ల ఇంజను కలదు. ఆ సిలిండరు కొలతలనే ఉంచి, ఎనిమిదికి బదులు పండ్రెండు చేసెను. ఒక్కొక్క వైపున ఆరేసి సిలిండర్లు అడ్డముగా పండుకొనియుండును. మొత్తము నాలుగున్నర లీటర్లు. ఐదువందలకు పైబడిన అశ్వశక్తి.

ఇచ్చట ఒక చిక్కున్నది, విద్యార్థులు గమనింపదగినది. పొడవైన వెదురుకఱ్ఱను ఒక కొసన పట్టి మెలిత్రిప్పినచో రెండవ కొస వెంటనే తిరుగదు. కఱ్ఱ మెలిపడి, వణకి, తరువాత తిరుగును. పండ్రెండు సిలిండర్లు త్రిప్పు ఇరుసుదండము గూడ అట్లే పొడవైనది. నిమిషమునకు ఎనిమిదివేలకు పైగా తిరుగునప్పుడు ఆ వణకు దానిని విరుగగొట్టగలదు. మెజ్గర్ శక్తిని దండము కొసనుండి గాక నడుమనుండి తీసికొనెను. నట్టనడుమ పళ్ళచక్రము నమర్చుటచే దండము రెండు పొట్టి దండములవలె ప్రవర్తించినది. ఆరు సిలిండర్ల ఇంజన్లు రెండింటిని వీపులానించి కట్టినట్లయినది.

ఇంజనును చల్లార్చుటకు నీరు లేదు; గాలియే. సంస్థ తొలినుండియు నమ్మిన పద్ధతి అది. ఇంజను నెత్తిన పెద్ద పంఖా వెల్లకిల పరుండియుండి గాలిని క్రిందికి నెట్టుచుండును. ఇంటి పైకప్పు పంఖా చేయు పనియే, కాకున్న దీని తిరుగుడు వేరు.

ఇక కారు అస్థిపంజరము. అల్యూమినియపు సన్నగొట్టములను అతికి అల్లిన ఆ చట్రము బరువు నలుబది కిలోలకు కొంచెము మించును. పదవ తరగతి విద్యార్థి ఒకడు తూగునంత. ఇంత సన్నని గొట్టములలో ఎక్కడ బీట పడినను కంటికి కనబడదు. కావున వాటిలో వాయువును ఒత్తిడితో నింపి, ఒత్తిడి కొలుచు సాధనము నమర్చిరి. ముల్లు పడిపోయినచో ఎక్కడనో చట్రము పగిలినదని అర్థము. కారును నిలుపవలెను. గేరు మార్చు కఱ్ఱ పిడిని గూడ తేలికైన బాల్సా కొయ్యతో చేసిరన్న సంగతి వినినచో, తూకము విషయమున వారి పట్టుదల ఎట్టిదో తెలియగలదు. డ్రైవరు పాదములు ముందుచక్రముల ఇరుసుకు సయితము ముందుకు పొడుచుకొని యుండును, ఇరుప్రక్కల పెట్రోలు. డ్రైవరు ప్రాణమును గూడ అదే తూనికలో వేసిరా అని ఈనాటివారు అడుగవచ్చును. ఆనాడు పందెపు కార్లన్నియు ఇంచుమించు అట్టివే.

1969 మార్చి 12వ తేదీన స్విట్జర్లండులోని జెనీవా ప్రదర్శనలో కారును లోకమునకు చూపిరి. తెల్లని మేను, పచ్చని ముక్కు, వెనుకకు వాలిన పొడవాటి తోక. వెల 1,40,000 మార్కులు.

తరువాతి ఘట్టము కొంత వినోదకరమైనది. ఇరువదియైదు కార్లు తయారైనవా యని తనిఖీ చేయుటకు సంఘమువారు కార్ఖానాకు వచ్చిరి. పూర్తియైనవి కొన్నియే; తక్కినవి సగము బిగించినవి, విడిభాగములుగా నున్నవి. “అన్నిటిని బిగించినచో పందెమునకు సిద్ధపరచుటకు మరల విప్పవలెను గదా!” అన్నది పోర్షేవారి వాదము. తనిఖీదారులు ఒప్పుకొనలేదు, విడిభాగములు కారు కాదనిరి. అంతట కార్ఖానాలో చేతులున్న ప్రతివారిని పిలిచిరి. పని నేర్చుకొను కుఱ్ఱలు, ఆఫీసు గుమాస్తాలు, టైపు కొట్టువారు — అందరును మరలు బిగించిరి. ఏప్రిలు 21వ తేదీన ఇరువదియైదు కార్లు కార్ఖానా ముంగిట ఒకదాని ప్రక్క నొకటి బారులు తీరి నిలిచినవి. వీటిలో ఏది కావలెనన్న అది నడిపి చూడవచ్చునని పియెక్ తనిఖీదారులను ఆహ్వానించెను. వారు లెక్కపెట్టుకొని, మర్యాదగా వలదని వెడలిపోయిరి. నడిపియున్నచో ఏమయ్యెడిదో! ఆ కార్లలో కొన్ని మొదటి గేరులో ఇంజను నిలుపుకొని ఆవరణ దాటగలిగినను గొప్పయే యని తరువాత చెప్పుకొని నవ్వుకొనిరి.

పందెపు డ్రైవర్లకు మాత్రము నవ్వు రాలేదు.

కారు తిన్నగా పోవుట లేదు. అది మలుపులలోని దోషము కాదు. తిన్నని బాటపైననే దోషము. గంటకు మూడువందల కిలోమీటర్లు సమీపించుసరికి వెనుకభాగము తేలికయై, పాము ప్రాకినట్లు అటునిటు ఊగుచుండెను. రోడ్డు వెడల్పంతయు కావలసి వచ్చుచుండెను. బెల్జియములోని స్పా పందెమునకు దానిని కొనిపోగా, స్విట్జర్లండుకు చెందిన జో సిఫర్ట్ అను సాహసి అభ్యాసమున కొన్ని చుట్లు తిరిగి, పందెమునకు పాత 908నే ఎన్నుకొనెను. సిఫర్ట్ భయస్థుడు కాడు. జర్మనీలోని న్యూర్బుర్గ్‌రింగ్ పందెమునకు సంస్థ డ్రైవర్లు ఎక్కమనగా, డేవిడ్ పైపర్, ఫ్రాంక్ గార్డనర్ అను ఇద్దరిని బయటినుండి పిలిపించవలసి వచ్చినది. వారు దానిని పోనిచ్చినదే చాలునన్నట్లు నడిపి, ఎనిమిదవ స్థానమున గమ్యము చేర్చిరి.

జూన్ 14వ తేదీ లె మాన్ పందెము. నియమము ననుసరించి కార్లను ఎవరైనను కొనవచ్చును గనుక, సొంత ధనముతో పందెములాడు జాన్ వుల్ఫ్ అను ఆంగ్లేయుడు ఒక 917ను కొనుక్కొనెను. ఇంతటి శక్తి గల కారు అతనికి కొత్త. ఆనాటి లె మాన్ ఆచారమేమనగా, డ్రైవర్లు బాటకు ఆవలి ప్రక్క నిలిచియుండి, జెండా పడగనే పరుగెత్తివచ్చి కారెక్కి సాగవలెను. చూచువారికి వేడుకయే, కాని ఆ తొందరలో నడుమునకు పట్టీ బిగించుకొనువారు తక్కువ. బెల్జియము యువకుడు జాకీ ఇక్స్ దీనికి నిరసనగా ఆ దినమున పరుగెత్తక, నింపాదిగా నడచి వెళ్ళి, పట్టీ బిగించుకొని, అందరికంటె చివర బయలుదేరెను. మొదటి చుట్టు ముగియకమునుపే, ‘తెల్లయిల్లు’ అని అర్థము వచ్చు పేరుగల మలుపువద్ద వుల్ఫ్ కారు అదుపు తప్పి పల్టీలు కొట్టెను. అతడు మరణించెను. మండుచున్న పెట్రోలు తొట్టి బాటమీదికి వచ్చిపడి, వెనుక వచ్చుచున్న క్రిస్ ఏమన్ ఫెరారీని గూడ అంటుకొనినది. ఏమన్ బ్రతికి బయటపడెను.

పందెము ఆగలేదు. విక్ ఎల్ఫర్డ్, రిచర్డ్ అట్‌వుడ్ అను ఇద్దరాంగ్లేయులు మరియొక 917ను ప్రాణములు గుప్పిట పట్టుకొని నడిపి రాత్రియంతయు అందరికంటె ముందుండిరి. ఇంక సుమారు మూడు గంటలే మిగిలియుండగా ఆ కారు యంత్రభాగము చెడి నిలిచిపోయెను. కడకు గెలిచినదెవరు? నడచి వెళ్ళి చివర బయలుదేరిన ఇక్స్. పాతబడిన ఫోర్డు కారులో అతడును, జాకీ ఆలివరును కలిసి, హాన్స్ హెర్మన్ నడుపుచున్న పోర్షే 908ను నూరుగజములకు కొంచెము మించు దూరముతో ఓడించిరి. ఇరువదినాలుగు గంటలు పోరాడిన తరువాత మిగిలిన వ్యత్యాసము అంత. పరుగెత్తి కారెక్కు ఆచారమును మరుసటి సంవత్సరమే ఎత్తివేసిరి.

ఆగస్టులో ఆస్ట్రియాలోని ఓస్టర్రైష్‌రింగ్ బాటపై సిఫర్ట్, కుర్ట్ ఆరెన్స్ కలిసి 917కు తొలి విజయము సంపాదించిరి. అది డ్రైవర్ల నేర్పునకు లభించిన విజయము. కారు జబ్బు కుదిరినది కాదు.

అప్పుడు పోర్షేవారు ఒక విచిత్రమైన నిర్ణయము చేసిరి. తమను వంద గజములతో ఓడించిన ఆ ఫోర్డు కారు ఎవరిది? జాన్ వయర్ అను ఆంగ్లేయుని జట్టుది. అతనినే పిలిచి, 1970లో మా కార్లను మీరు నడిపించుడని ఒప్పందము చేసికొనిరి. ఓడించినవానియొద్దనే పాఠము నేర్చుకొనుట కొందరికి చిన్నతనముగా తోచును. పోర్షేవారికి తోచకపోవుట వారి అదృష్టము. అక్టోబరులో ఉభయపక్షముల వారును అదే ఓస్టర్రైష్‌రింగ్ బాటవద్ద పరీక్షలకై కలిసిరి.

జర్మను ఇంజనీర్ల అనుమానము చక్రములను చట్రమునకు కలుపు అమరికపైన. స్ప్రింగులు మార్చిరి, కోణములు సవరించిరి, టైర్లు మార్చిరి. ఆరెన్స్, బ్రయన్ రెడ్మన్ వంతులవారీగా నడిపి చూచిరి. వారు రెండు మూడు చుట్లు తిరిగివచ్చి తల అడ్డముగా ఊపుచుండిరి. వయర్ జట్టులోని ఇంజనీరు జాన్ హార్స్‌మన్ నిలిచియున్న కారు చుట్టును తిరిగి చూచుచుండెను. శరత్కాలపు ఆ కొండప్రాంతమున చిరుదోమలు మెండు. కారు ముక్కున, ముందుటద్దముపైన, కప్పు ముందుభాగమున అవి చచ్చి దట్టముగా అంటుకొనియున్నవి. వెనుకనున్న తోక రేకుపైన, కారును నేలకు అదుముటకై అమర్చిన పలకలపైన చూడగా అతనికి ఒక్క దోమయు కనబడలేదు. అక్కడ తుడిచినట్లు శుభ్రముగా నుండెను.

కారును అందరును చూచియున్నారు. దోమలను గూడ చూచియే యుందురు. మెకానిక్కులు దినదినము వాటిని తుడుచుచునే యుండిరి. మురికిగా నున్న చోటు ఎవరికైనను కనబడును. శుభ్రముగా నున్న చోటు ఏల శుభ్రముగా నున్నదని అడిగినవాడు హార్స్‌మన్.

దోమ లేదనగా అక్కడికి గాలి రాలేదని అర్థము. గాలి రానిచో ఆ పలకలు దేనిని పట్టి కారును నేలకు అదుమవలెను? ఈ సంగతిని కొంత వివరింపవలసి యున్నది. కారు కప్పు పైకి ఉబ్బి, వెనుకకు వాలియుండును. అది ఇంచుమించు విమానపు రెక్క వంపువంటిది. వేగముగా పోవునప్పుడు గాలి దానిని పైకి లాగును. ఆ లాగుడు వేగమును బట్టి సమానముగా పెరుగదు. వేగము రెట్టింపైనచో లాగుడు నాలుగు రెట్లగును, మూడింతలైనచో తొమ్మిది రెట్లు. నూరు కిలోమీటర్ల వేగమున తెలియని దోషము మూడువందల వేగమున మృత్యువగుట ఇందువలననే. లె మాన్‌లోని ఆరు కిలోమీటర్ల తిన్నని బాటపై గాలి అడ్డులేకుండ దూసుకుపోవలెనని పోర్షేవారు తోకను పొడవుగా, క్రిందికి వాలునట్లు చేసిరి. గాలి కప్పును దాటిన పిమ్మట ఆ వాలును అంటిపెట్టుకొనక పైనుండియే వెడలిపోవుచుండెను. తోక చివరి పలకలు నిశ్చలమైన గాలిలో, పనిలేని కాపలావానివలె, ఊరక నిలిచియున్నవి.

హార్స్‌మన్ మెకానిక్కులను పిలిచి అల్యూమినియపు రేకులు తెప్పించెను. బాటప్రక్కననే రేకులు కత్తిరించి, మరలతోను, అంటించు పట్టీలతోను బిగించి, కప్పు చివరనుండి పైకి లేచునట్లు పొట్టిగా కొత్త తోక నొకదానిని నిలబెట్టిరి. చూచుటకు అది గుడిసెకు వేసిన మాటువలె నుండెను. జెనీవాలో అందరు మెచ్చిన అందము పోయినది. కారు బాటపైకి వెళ్ళెను. రెండు మూడు చుట్లకే ఆగుచుండిన కారు ఈసారి ఆగలేదు, తిరుగుచునే యుండెను. ఫలితమేమో క్రింద నిలిచినవారికి అప్పుడే తెలిసినది. రెడ్మన్ దిగివచ్చి, ఇప్పుడిది పందెపు కారైనదని చెప్పెను.

ఖ్యాతియంతయు దోమలకే ఈయరాదు. అమెరికా పందెములకై తయారుచేసిన, పైకప్పులేని 917 ఒకటి ఆ పరీక్షలకు వచ్చియుండెను. దాని తోక పొట్టిది, పైకి లేచినది. అది నిలకడగా పోవుచుండుటను ఇరుపక్షములవారును గమనించియుండిరి. జవాబు ప్రక్కననే నిలిచియున్నది. కాని అనుమానమునకు రుజువు దొరకినది మాత్రము దోమలు లేనిచోటనే. పోర్షేవారు ఆ రేకుల తోకను కొలిచి, సవరించి, పొట్టి తోక కారుగా నిర్మించిరి. తిన్నని బాటపై గరిష్ఠవేగము కొంత తగ్గినది. చుట్టు పూర్తిచేయు కాలము గూడ తగ్గినది.

1970లో ఆ కారును ఆపగలవారు లేకపోయిరి. ఫెరారీవారు గూడ ఇరువదియైదు కార్లు కట్టి ఐదు లీటర్ల 512తో వచ్చిరి, చాలలేదు. ఏప్రిలులో ఇంగ్లండులోని బ్రాండ్స్ హాచ్ వద్ద కుండపోత వాన. మెక్సికోకు చెందిన పెద్రో రోద్రిగెస్ హెచ్చరిక జెండా నెగురవేసిన చోట ఇతరులను దాటిపోయెనని అధికారులు అతనిని ఆపి, కారులో కూర్చుండియుండగనే బాగుగా మందలించిరి. అతడు మారుపలుకక విని, తిరిగి బాటనెక్కి, ఒకరి తరువాత నొకరిని దాటి, చివరకు ఐదు చుట్ల ఆధిక్యముతో గెలిచెను. కొద్ది నెలల క్రిందట తిన్నని ఎండబాటపైననే నిలువలేని కారు, వానలో చెరువువంటి బాటపై చెప్పినట్లు వినినది.

జూన్‌లో లె మాన్. పోర్షేవారు ఎదురుచూచిన దినము. అయితే గెలిచినవారు జట్టులోని మేటివారు కారు. గత సంవత్సరము చేతికందిన గెలుపును పోగొట్టుకొనిన ఇద్దరు — యంత్రము చెడి దిగిన అట్‌వుడ్, వందగజములతో ఓడిన హెర్మన్ — ఈసారి ఎఱుపు తెలుపు రంగుల 23వ నంబరు కారులో కలిసిరి. కొత్తగా వచ్చిన పెద్ద ఇంజను వలదు, నాలుగున్నర లీటర్ల పాత ఇంజనే చాలు, పొట్టి తోకయే కావలెనని అట్‌వుడ్ కోరెను. నడిపినవారికే తెలిసిన కారణములు ఆ కోరికలో నున్నవి. బయలుదేరునప్పుడు వారి స్థానము పదునైదవది. వాన కురిసినది; వేగవంతులు ఒక్కరొక్కరుగా రాలిపోయిరి. బయలుదేరిన యాబదియొక్క కార్లలో ఫలితముల పట్టికలో చోటు దక్కినవి ఏడే. కన్యాకుమారినుండి కాశ్మీరమునకు పోవు దారికంటె ఎక్కువ దూరము, 4600 కిలోమీటర్లకు పైగా, ఒక్క దినములో నడిచి 23వ నంబరు కారు మొదటిదైనది. పందెము పొడుగునను అట్‌వుడ్ గవదబిళ్ళలతో బాధపడుచు పాలు తప్ప మింగలేని స్థితిలో నుండెనని చెప్పుదురు. హెర్మన్‌కు అప్పటికి నలుబది రెండేండ్లు. గెలిచినచో మానివేయుదునని భార్యకు మాట యిచ్చియుండెనట, మాట నిలుపుకొనెను. ఆ తరంలోని పందెగాండ్రలో ఇంటికి నడచి వెళ్ళి విశ్రమించినవారు ఎక్కువమంది లేరు.

1971లో వేగములు ఇంకను పెరిగినవి. స్పా బాటపై రోద్రిగెస్, ఆలివరు కలిసి వేయి కిలోమీటర్లను నాలుగు గంటల ఒక్క నిమిషములో ముగించిరి; అనగా సగటున గంటకు 249 కిలోమీటర్లు. పెట్రోలుకై ఆగిన సమయము గూడ అందులోనిదే. లె మాన్‌లో హెల్ముట్ మార్కో, గీస్ వాన్ లెన్నెప్ మెగ్నీషియపు గొట్టముల చట్రముగల కారులో 5335 కిలోమీటర్లు నడిచిరి. ఆ దూరమును దాటుటకు ఇతరులకు 2010 వరకు పట్టినది. మెగ్నీషియము ఎంత సులభముగా మండునో రసాయనశాస్త్ర ప్రయోగశాలలో తీగను కాల్చి చూచినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

పొడవు తోకను గూడ పోర్షేవారు వదలలేదు. పారిసులోని గాలి నిపుణులతో కూడి దానిని మరల గీయించిరి. ఈసారి అది తిన్నగా పోయినది. లె మాన్ తిన్నని బాటపై గంటకు 380 కిలోమీటర్లు దాటినది. కావున తప్పు పొడవుది కాదు, గాలి నడక తెలియకపోవుటది.

ఆ సంవత్సరాంతముతో ఐదు లీటర్ల కార్లకు తలుపులు మూసిరి. 1972నుండి మూడు లీటర్లే. అప్పటికి రోద్రిగెస్ లేడు. జూలైలో జర్మనీలోని నోరిస్‌రింగ్ వద్ద ఫెరారీ కారులో మరణించెను. అక్టోబరులో బ్రాండ్స్ హాచ్ వద్ద వేరొక కారులో సిఫర్ట్ మరణించెను. డేవిడ్ పైపర్ అంతకుముందే, లె మాన్ పందెముపై తీయుచున్న చలనచిత్రము కొరకు 917ను నడుపుచుండగా జరిగిన ప్రమాదమున ఒక కాలు కోల్పోయెను. ఆ కారు వెంట లెక్కించిన విజయములకు ప్రక్కన ఈ పేర్లను గూడ వ్రాయక తప్పదు.

కారు మాత్రము అమెరికాకు వెళ్ళెను. అక్కడి కెన్-యామ్ పందెములలో ఇంజను పరిమాణమునకు హద్దు లేదు. పొగగొట్టమునుండి పోవు వాయువుతోనే చక్రము త్రిప్పి ఇంజనులోనికి గాలిని కూరు టర్బో పద్ధతిని అమర్చి, 1973లో మార్క్ డోనహ్యూ నడిపిన 917/30ని వేయికి పైబడిన అశ్వశక్తికి చేర్చిరి. ఎనిమిది పందెములలో ఆరు అతనివే. మిగిలినవారికి పోటీయే లేకపోయెను. మరుసటి సంవత్సరము పెట్రోలు వాడుకకు పరిమితి విధింపగా ఆ అధ్యాయమును ముగిసినది. పోర్షేవారు టర్బో విద్యను తమ మామూలు కార్లకు మళ్ళించుకొనిరి.

పందెములకు పోక మిగిలినది మొట్టమొదటి కారు, 001 నంబరుది. జెనీవాలో చూపిన ఆ తెల్లకారు తోకనే కోసి పొట్టిది చేసి, ఎఱుపు తెలుపు రంగులు పూసి, 1970 విజేతకు ప్రతిరూపముగా చాలకాలము ప్రదర్శించిరి. యాబది యేండ్లు నిండిన సందర్భమున, 2019లో, పోర్షే ప్రదర్శనశాలవారు ఆ వేషమును విప్పివేసి, పాత పటములను చూచి దానిని 1969 మార్చినాటి స్థితికి తెచ్చిరి. పచ్చని ముక్కు, తెల్లని మేను వచ్చినవి. వెనుకకు వాలిన పొడవాటి తోకను గూడ, దోమ వ్రాలని ఆ తోకనే, అంగుళము తప్పకుండ మరల కట్టి నిలిపిరి.